కబురుకి కబురు

ప్రజ్వల్ టొరంటో రైలు కోసం ఇంట్లోంచి పరుగు తీశాడంటే ఆ వీధికి తెల్లవారినట్టు. లంచ్ బాక్సు మరిచిపోయి మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొచ్చాడంటే బాగా తెల్లవారినట్టు. ఆ రెండో పరుగు కూడా అయిపోయాక అతని భార్య వర్షిణి కొబ్బరినూనె, దువ్వెన పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చునేది. మూడో ఏడు నడుస్తున్న చింటు ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కుని "నాట్ టైట్ అమ్మా, నాట్ టైట్" అని గొణిగేవాడు. వాడి జుట్టు నడుము దాకా పెరిగింది. డేకేర్‌లో కొత్తగా చేరిన టీచర్లందరూ మొదటి వారం వాడిని ఆడపిల్ల అనుకునేవాళ్ళు, రెండో వారం తెలుసుకుని సారీ చెప్పేవాళ్ళు. కెనడాలో దేనికైనా కరువుంటుందేమో గానీ సారీకి లేదు.

కంచె అవతల అప్పటికే సగం పని అయిపోయి ఉండేది. అవతల ఇంకాల ఊరు. ఎప్పుడో పెరూ కొండల్లో రాజ్యమేలిన ఆ ఇంకాలదే. ఈ టౌన్‌హౌస్‌లు కట్టి అమ్మినప్పుడు సేల్స్ ఆఫీసు ఆయన ప్లాన్ మీద వేలు పెట్టి మరీ చూపించాడు: ముందు పార్కు, పక్కన స్కూలు, వెనక ఇంకాలు. ప్రజ్వల్ స్కూలు రేటింగ్ ఎంత అని అడిగాడు. వర్షిణి బేస్‌మెంట్‌కు వేరే తలుపు ఉంటుందా అని అడిగింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

వాళ్ళుండే మిల్టన్ ఊరికి పడమట ఉన్న కొండ మెట్లు మెట్లుగా దిగి వచ్చి సరిగ్గా వాళ్ళ కంచె దగ్గర ఆగుతుంది. మెట్టు మెట్టుకూ రాతిగోడ, గోడ వెనక నల్లమట్టి, మట్టిలో ఆలుగడ్డ, మక్కజొన్న. గడ్డి కప్పిన రాతి ఇళ్ళు. వాళ్ళకు చక్రం లేదు, రూపాయి లేదు, రాత లేదు. లేవన్న దిగులూ లేదు. టౌన్ వాళ్ళిచ్చిన చక్రాల చెత్తడబ్బాలను వీపుకు కట్టుకుని కొండెక్కించి, వాటిలో తిండిగింజలు దాచుకున్నారు. వాళ్ళ లామాలు ఆ వరసలో అందరి లాన్లూ మేసిపెట్టేవి కాబట్టి గడ్డి పెరిగిందని ఎవరికీ నోటీసు వచ్చేది కాదు.

కంచెకు ఆనుకున్న ఇల్లు ఉర్పిది. వర్షిణి ఈడు మనిషే. నడుస్తున్నా, మాట్లాడుతున్నా, పిల్లవాడిని తిడుతున్నా చేతిలో కదురు తిరగడం ఆగేది కాదు. ఆమె మాట వర్షిణికి తన సిద్దిపేట మాటలాగా, ప్రజ్వల్‌కు తన గుంటూరు మాటలాగా వినబడేది. మూలింటి ఫిలిప్పీన్స్ ఆవిడకు ఎలా వినబడేదో ఆవిడకే తెలియాలి.

ఆ ఊళ్ళో బతుకంతా బదులు మీద నడిచేది. 'అయ్ని' అనేవాళ్ళు దాన్ని. వర్షిణికి అది వింతేమీ కాదు, నాట్ల కాలంలో అమ్మ ఈశ్వరమ్మ పక్కవాళ్ళ మడికి బదులు పోవడం చూసిన పిల్లే. కాకపోతే వీళ్ళది మరీ గట్టి లెక్క. మంచు ఎత్తితే మంచే ఎత్తాలి, గోడ కడితే గోడే కట్టాలి. కొత్తలో ఒకసారి వీళ్ళ ముంగిట్లో మంచు తీసిపెట్టిన ఉర్పి అన్న పౌకర్‌కు ప్రజ్వల్ ఒక నోటు ఇవ్వబోయాడు. పౌకర్ నోటు మీది రాణిగారి బొమ్మను మర్యాదగా చూసి, "ఈమె మీకేమైతది?" అని అడిగి తిరిగి ఇచ్చేశాడు. ఆ వారమంతా ప్రజ్వల్ వాళ్ళ మెట్ల మీద మంచు ఎత్తాడు. నడుం పట్టేసింది గానీ, ఆ వీధిలో అతనికి మనిషన్న పేరు వచ్చింది మాత్రం అప్పుడే.

ఉర్పి ఇంట్లో భర్త, మూడేళ్ళ కొడుకు, పొయ్యి చుట్టూ తిరిగే గినీపిగ్గులు కాక ఒక అవ్వ కూడా ఉండేది. అవ్వ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ గుర్తు లేదు. పోయినంత మాత్రాన ఇంటి మనిషి కాకుండా పోతుందా? ఎండ కాసిన ప్రతి పొద్దునా ఉర్పి ఆమెను ఎత్తుకొచ్చి గోడ పక్క రాతి మీద కూర్చోబెట్టేది. మోకాళ్ళు గుండెకు ఆనించుకుని, మంచి నేత శాలువా కప్పుకుని, ఎండిన ముఖంతో అవ్వ కొండ వంక చూస్తూ ఉండేది. ఉర్పి ఈగలు తోలుతూ, ఆమె వాటా ఆమె ముందు పెట్టి, కబుర్లన్నీ చెప్పేది. లామా ఈనింది. పైమెట్టు గోడ కూలింది. పొరుగింటి వర్షిణికి ప్రమోషన్ రాలేదు. ఈ చివరి కబురు విన్నాక అవ్వ ముఖం ఇంకొంచెం ముడుచుకున్నట్టు వర్షిణికి తోచి, మనసుకు హాయిగా అనిపించింది.

*

సిద్దిపేట నుంచి ఈశ్వరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట చింటు జుట్టు గురించే.

"మూడో ఏడు ఎల్లిపోతున్నది బిడ్డా. ఇది దాటితె మల్ల ఐదో ఏడే. అప్పటిదాంక పోరనికి జడలేస్తవా?"

"తమ్ముడు రావాలె గదమ్మా."

పుట్టువెంట్రుకలంటే మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామ చేత మొదటి కత్తెర వేయించాలి. మేనమామ లేక కాదు. వర్షిణి తమ్ముడు లోహిత్ ఎక్కడో సముద్రాల అవతల లేడు. సార్నియాలో ఉన్నాడు, కారులో అయితే పొద్దున టిఫిన్ చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. వాడికి కారు లేదు, ఆ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. కానీ వాడు రాకపోవడానికి కారణం కారు కాదు. రెండేళ్ళుగా అక్కతో మాట్లాడడం మానేశాడు.

వాళ్ళ నాన్న కొమరయ్య ఆర్టీసీ డ్రైవరు. ఒక పొద్దున నిద్రలోనే పోయాడు. అప్పటికి లోహిత్ సార్నియా కాలేజీలో సెమిస్టర్ పరీక్షలు రాస్తున్నాడు. పరీక్ష పోతే సెమిస్టర్ పోతుంది, సెమిస్టర్ పోతే స్టడీ పర్మిట్ చిక్కులో పడుతుంది, ఎలాగూ దహనానికి అందుకోలేడు. పరీక్షలయ్యేదాకా పిల్లవానికి చెప్పొద్దని అక్కడ పెద్దలందరూ ఒక మాట అనుకున్నారు. మన ఇళ్ళల్లో ఇలాంటి తెలివి పెద్దలకు అందరికీ ఒకేసారి వస్తుంది. ఆ చెప్పకపోవడం అనే పని వర్షిణి నెత్తిన పడింది. ఏడాది నిండని చింటును చంకలో వేసుకుని, సౌండ్ తీసేసి, దహనం ఫోన్‌లో చూసింది. ఆ సాయంత్రమే లోహిత్ ఫోన్ చేస్తే, "బాపు ఫోన్ ఖరాబైంది, రిపేరుకిచ్చిండ్రు" అంది. గొంతు వణక్కుండా ఉండేందుకు అంతకుముందే బాత్రూంలో అద్దం ముందు నాలుగైదుసార్లు అని చూసుకుంది.

చివరి పరీక్ష రాసి వాడు మళ్ళీ చేశాడు. గొంతు గంతులేస్తోంది. "అక్కా, పేపర్ మస్తు రాసిన. బాపు ఫోన్ కలుస్తనే లేదు. నువ్వన్న చెప్పు, మంచిగ రాసిండని."

"చెప్త తమ్మీ," అంది వర్షిణి.

ఎలా చెప్పాలా అని ఆమె ఇంకా మాటలు వెతుక్కుంటూనే ఉంది. ఆ రాత్రే ఎవరో దూరపు చుట్టం వాట్సాప్ స్టేటస్‌లో దండ వేసిన కొమరయ్య ఫోటో పెట్టాడు. లోహిత్‌కు తండ్రి చావు అలా తెలిసింది. తరవాత అక్కకు ఒకటే మెసేజ్ పెట్టాడు, "చెప్త అన్నవు గదా" అని. నంబర్ బ్లాక్ చేశాడు.

ఆ ఏడాది సూతకమని చింటుకు జుట్టు తీయలేదు. ఆ తరవాత మేనమామ లేడని తీయలేదు. వర్షిణి పంపని సారీ లేదు. రూమ్మేట్ల ఫోన్లకు పంపింది. పుట్టినరోజుకు కేకు, చలికాలానికి స్వెటర్, దసరాకు సకినాలు పంపింది. సకినాలు రూమ్మేట్లు తిన్నారట, బాగున్నాయన్నారట. స్వెటర్ మాత్రం తిరిగొచ్చింది.

"స్కార్‌బరోలో మా లక్ష్మీకాంతం గారున్నారు కదా," అన్నాడు ప్రజ్వల్ ఒకరోజు, పాపం ఆమె బాధ చూడలేక. "వాళ్ళ ఇంటిపేరూ నీ పుట్టింటి పేరూ ఒకటే. ఏదో ఒక వరసలో నీకు అన్నయ్యే అవుతాడు. ఆయన్ని కూర్చోబెడదాం."

"నువ్వు ఆఫీసుకు పోయిరా," అంది వర్షిణి. అతను ఆ రోజు బాక్సు కోసం వెనక్కి రాలేదు.

*

అక్టోబరు చివర నీళ్ళు గడ్డకట్టే చలి మొదలైంది. ఉర్పి వాళ్ళు ఆలుగడ్డలను రాత్రంతా మెట్ల మీద పరిచారు. తెల్లారేసరికి అవి గులకరాళ్ళలా బిగుసుకున్నాయి. ఎండ తగిలి కాస్త మెత్తబడగానే వాటిని ఒట్టి కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండాలి. అలా గడ్డకట్టించి, తొక్కి, ఎండబెడితే బెండులా తేలికై ఏళ్ళ తరబడి నిలవుంటాయి. ఆ రోజు వర్షిణికి వర్క్ ఫ్రమ్ హోమ్. మీటింగులో కెమెరా ఆపి, మ్యూట్ పెట్టి, చెప్పులు విడిచి కంచె దాటింది. మార్చిలో మంచు కరిగి బేస్‌మెంట్ కార్పెట్ మునిగినప్పుడు ఉర్పి వచ్చి పొద్దంతా తొక్కి నీళ్ళు పిండిపెట్టింది. తొక్కుడుకి తొక్కుడు బాకీ ఉండిపోయింది.

ఇద్దరూ కొంగులు దోపుకుని, అంటే ఉర్పి పావడా ఎత్తి దోపుకుని, వర్షిణి ట్రాక్ ప్యాంట్ మోకాళ్ళ దాకా మడిచి, పక్కపక్కనే తొక్కుతున్నారు. కాళ్ళకింద చల్లటి నీళ్ళు బుసబుసమని వస్తున్నాయి. ఎండలో అవ్వ కూర్చుంది. ఆమె పాదాల దగ్గర చింటూ, ఉర్పి కొడుకూ మక్కగింజలు వరసలు పేరుస్తున్నారు. ఉర్పి కొడుకు జుట్టు కూడా నడుము దాకా ఉంది. వాడికి ఇంకా పేరు లేదు. మొదటి కత్తెర పడేదాకా ఆ ఊళ్ళో పిల్లలందరూ 'వావా'లే.

"పున్నమి నాడు మా వావాకు కత్తెర," అంది ఉర్పి. "మా అన్న పౌకర్ ఏస్తడు. పేరు గూడ ఆయినే పెడ్తడు. మీ చింటుది గూడ ఆ దినమే తియ్యరాదు?"

"మేనమామ లేకుండ ఎట్ల తీస్త?"

"మామ లేడా?"

"ఉన్నడు," అంది వర్షిణి. తొక్కుతూ తొక్కుతూ అంతా చెప్పేసింది. ఎదురుగా ముఖం చూస్తూ చెప్పలేని సంగతులు పక్కపక్కన పని చేసుకుంటూ చెప్పొచ్చు. ఉర్పి తొక్కుతూనే అంతా వింది. చివరికి ఆగి, అవ్వ వైపు తిరిగి, ఆ కథంతా మళ్ళీ మొదటి నుంచి అవ్వకు చెప్పింది. వర్షిణికి చచ్చేంత సిగ్గేసింది.

"అవ్వకెందుకు ఇవన్ని?"

"చెప్పాలె గదా. ఇంట్ల ఎవరు పుట్టినా, ఎవరు పోయినా అవ్వకు చెప్తం. చెప్పకపోతె ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టె అయితది." ఉర్పి చాలా మామూలుగా అంది. "పోయినోళ్ళకే చెప్తం మేము. నువ్వు బతికున్నోనికి చెప్పలేదు."

వర్షిణి కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళనీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. "రెండేండ్లసంది అడుక్కుంటనే ఉన్న. సారీ చెప్పిన. స్వెటర్ పంపిన, సకినాలు పంపిన..."

"నువ్వాయినకు బాకీ పడ్డది సకినాలా?"

"మరేంది?"

"కబురు." ఉర్పి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. "గోడ బాకీ ఉంటె మక్కలిస్తె తీరుతదా? కబురు బాకీ ఉన్నవు. కబురే పంపు."

"వానికి తెలిసిందే గదా!"

"తెలుసుడు ఏరు. అక్క చెప్పుడు ఏరు."

ఫోన్‌లో మీటింగు ఎవరిదో గొంతుతో ఏదో అడుగుతోంది. వర్షిణి వినలేదు. తడి కాళ్ళతోనే కంచె దాటి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, వీధి చివరికి నడిచింది.

*

వీధి చివర అందరి ఉత్తరాల డబ్బాలూ ఒకచోట నిలబెట్టిన స్టాండ్ ఉంది. దాని పక్కన గడ్డి కప్పిన చిన్న గుడిసె. అందులో ఎప్పుడూ ఇద్దరు పరుగువాళ్ళు ఉంటారు. ఒకడు నిద్రపోతే ఒకడు దారి చూస్తూ కూర్చుంటాడు. రాత లేని రాజ్యం కనుక అక్కడ కబురు నోటితోనే పోవాలి. ఒక గుడిసె నుంచి ఇంకో గుడిసె దాకా ఒకడు పరుగెత్తుతాడు, శంఖం ఊదుతాడు, అవతలివాడు ఎదురొచ్చి పక్కన పరుగెత్తుతూనే మాటను అందుకుంటాడు. అలాంటి గుడిసెలు హైవే పక్కన ఈ దేశంలోని లండన్ మీదుగా సార్నియా దాకా ఉన్నాయి. కారులో పోయేవాళ్ళు వాటిని చూస్తూనే ఉంటారు, ఆగరు. ఈ నెల పౌకర్ వంతు.

"సార్నియాల మా తమ్మునికి కబురు పంపాలె," అంది వర్షిణి.

పౌకర్ లేచి చెప్పుల తాళ్ళు బిగించుకున్నాడు. "చెప్పక్కా. ఎట్ల చెప్తె అట్లనే పోతది. మాట నీదే, గొంతు గూడ నీదే."

వర్షిణి గొంతు సర్దుకుంది. "తమ్మీ, ఎట్లున్నవ్? నీకు కోపమున్నది, నాకెరికె. అప్పుడు నీ మంచికే అనుకోని, పెద్దోళ్ళు గూడ..."

పౌకర్ చెయ్యి ఎత్తాడు. "ఇది మస్తు బరువున్నదక్కా. దారిల మోసెటోళ్ళు సగం పడేస్తరు. కబురేందో అది చెప్పు."

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ సారీ దగ్గరే చిక్కుకుంది. పౌకర్ ఓపిగ్గా నిలబడ్డాడు. ఉత్తరాల కోసం వచ్చిన ఫిలిప్పీన్స్ ఆవిడ తన డబ్బా తెరిచి, మూసి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయింది. వర్షిణి కాళ్ళ కింద రోడ్డు చల్లగా ఉంది. రెండేళ్ళ కిందట అనాల్సిన మాట ఒకటి ఆమె నోట్లో అప్పటినుంచీ అలాగే ఉందని, తక్కిన మాటలన్నీ దాని చుట్టూ తిరిగి వస్తున్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

"తమ్మీ," అంది. "బాపు పోయిండు తమ్మీ. పొద్దుగాల అమ్మ లేపితె లేవలె. నువ్వు జల్ది రా."

అనేసి, ఉత్తరాల స్టాండ్ పట్టుకుని ఏడ్చింది. ఆ రోజుల్లో గొంతు సరిగ్గా ఉంచుకోవాలని ఏడవలేదు. ఆ తరవాత ఏడవడానికి తనకు హక్కు లేదనుకుంది. ఇప్పుడు పాలపాకెట్ చిరిగినట్టు ఏడ్చింది.

పౌకర్ ఆమె తేరుకునేదాకా ఆగి, ఆ మాటను ఒకసారి పలికి చూపించాడు. బిగువైన ఆ మగవాడి నోట్లోంచి అచ్చంగా వర్షిణి గొంతే వచ్చింది. 'పోయిండు' దగ్గర విరిగిన చోట విరిగింది, 'జల్ది రా' దగ్గర వణికిన చోట వణికింది. ఆమె తల ఊపింది. అతను తిరిగి చూడకుండా పరుగందుకున్నాడు. కాసేపటికి పడమటి వైపు నుంచి శంఖం వినబడింది.

సాయంత్రం ప్రజ్వల్ బూట్లు విప్పుతూ సంగతంతా విన్నాడు. తరవాత, "ట్రాకింగ్ నంబర్ లాంటిదేమైనా ఇచ్చారా?" అని అడిగాడు. అతను వెటకారంగా అడగలేదు. భార్య తమ్ముడు రావాలని అతనికీ ఉంది.

*

పున్నమి శనివారం పడింది. ఆ మధ్య రోజుల్లో సార్నియా నుంచి ఏమీ రాలేదు. వర్షిణి వీధి చివరికి వెళ్ళి అడిగితే, "అందింది," అన్నాడు పౌకర్. "అందినంక ఏం చేసుకుంటడో ఆయినిష్టం." ఆమె ఆ రాత్రులన్నీ వంటింట్లో లైటు తీసేసి కూర్చుని శంఖం కోసం చెవి ఒగ్గింది. హైవే మీద లారీల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇక రాడులే అనుకుంది. నాలుగో ఏట పడకముందు ఇదే ఆఖరి మంచిరోజు కనుక, "సరే, లక్ష్మీకాంతం గారిని పిలువు," అంది.

లక్ష్మీకాంతం పొద్దున్నే స్కార్‌బరో నుంచి మూడు బస్సులూ ఒక రైలూ మారి వచ్చాడు. జాకెట్ విప్పితే లోపల జరీ అంచు పంచె. ఏడాదికోసారి కూడా కట్టే అవకాశం రాని పంచె అది. "మేనమామంటే మాటలా అమ్మా," అని చింటుకు వెండి మొలతాడు కూడా తెచ్చాడు. అంత మంచి మనిషిని చూస్తూ వర్షిణి ఏడుపు దిగమింగుకుంది.

కొండ మెట్ల మీద ఊరంతా కూడింది. అవ్వకు ఆ రోజు ఎర్రటి కొత్త శాలువా. ఆమె పక్కన ఇంకా నలుగురైదుగురు పాతవాళ్ళు, ఎవరింటి నుంచి వాళ్ళు మోసుకొచ్చినవాళ్ళు, వరసగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ముందు ఉర్పి కొడుకు వంతు. పౌకర్ కంచుకత్తితో మొదటి పాయ కోసి ఒక నేతగుడ్డ మీద పెట్టాడు. ఆ పైన చుట్టాలందరూ తలా ఒక పాయ కోసి, తలా ఒక కానుక ఇచ్చారు. ఒకరు లామా పిల్ల, ఒకరు విత్తనపు గడ్డలు. "వమన్," అని పిలిచాడు పౌకర్. డేగ అని అర్థం. పేరొచ్చిన పిల్లవాడు తన గుండును తడుముకుని, ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూశాడు. అందరూ నవ్వారు.

తరవాత పీట మీద లక్ష్మీకాంతం కూర్చున్నాడు. ప్రజ్వల్ చింటును ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాడు. "హూ ఈజ్ దిస్ అంకుల్?" అన్నాడు చింటు. వర్షిణి పసుపు రాసిన కత్తెర అందించింది. ఆయన కత్తెర అందుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒక పాయ వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

అప్పుడు కొండ దిగువన శంఖం ఊదారు.

ఇంకోసారి ఊదారు, ఈసారి వీధి చివర. టౌన్‌హౌస్‌ల సందులోంచి ఇద్దరు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒకడు పరుగువాడు. రెండోవాడు కాఫీ షాపు యూనిఫాంలో, ఛాతీ మీద పేరు బిళ్ళతో, నెత్తిన షాపు టోపీతో, మసిబట్టిన పని బూట్లతో ఉన్నాడు. పరుగువాడి చెయ్యి అతని మోచేతి కింద ఉంది. కంచె దగ్గరకు రాగానే ఆ చెయ్యి వదిలేసి, పరుగువాడు పక్కకు తప్పుకున్నాడు.

తరవాతెప్పుడో లోహిత్ చెప్పాడు. షాపు వెనక చెత్త పారబోస్తుంటే ఒక మనిషి ఎదురొచ్చి అక్క గొంతుతో ఆ మాట అన్నాడట. అది తనకు తెలిసిన సంగతే కదా అని ఆ క్షణంలో తట్టనే లేదట. చేతిలో సంచి అక్కడే పడేసి, ఎవరికీ చెప్పకుండా, రెండు రోజులు పిచ్చివాడిలా నది ఒడ్డున తిరిగాడట. ఇంటికి పోయి బట్టలు మార్చుకోవాలని కూడా అనిపించలేదట. తరవాత గుడిసె దగ్గరకు తనే వెళ్ళి, "నన్ను తోలుకపోతరా," అని అడిగాడట. గుడిసె గుడిసెకూ ఒక కొత్త మనిషి మోచెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. మాటను అందుకున్నట్టే అలసటను కూడా ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పోయారు కాబట్టి, అంత దూరమూ పరుగెత్తి వచ్చినా లోహిత్ కాళ్ళు నొప్పి పుట్టలేదు.

ఇప్పుడు మాత్రం అతను కంచె పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్కను చూశాడు. చిన్నప్పుడు బడిలో ఎవరైనా కొడితే ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పినట్టు చెప్పాడు.

"అక్కా, బాపు పోయిండటక్కా."

"పోయిండు తమ్మీ," అంది వర్షిణి.

ఆమె ఎలా కంచె దాటిందో ఎవరూ చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గట్టిగా, సిగ్గు లేకుండా, చావింట్లో ఏడ్చినట్టు ఏడ్చారు. రెండేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు అది. మెట్ల మీద ఆడవాళ్ళు పనులు ఆపి వాళ్ళతో కలిసి ఏడ్చారు. ఏడుపుకి ఏడుపు, రేపు తమ ఇళ్ళల్లో అవసరం పడినప్పుడు వీళ్ళు వచ్చి ఏడుస్తారు. లక్ష్మీకాంతం అందరికంటే ముందే మొదలుపెట్టి, పంచె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, చింటును ఎత్తుకుని పీట మీద నుంచి లేచాడు.

"రా నాయనా," అన్నాడు లోహిత్‌తో. "నీ పీట వేడి చేసి ఉంచాను."

లోహిత్ కూర్చున్నాడు. చింటు ఒళ్ళో ఇమిడి, మెడ వెనక్కి వాల్చి అతని ముఖం చూసి, పేరు బిళ్ళ మీది అక్షరాలు వేలితో తడిమాడు. వాడు కదలకుండా ఉర్పి వచ్చి తల పట్టుకుంది. మొదటి పాయ తెగింది. తెగిన చోట చలిగాలి తగిలి చింటు, "మామా, కోల్డ్," అన్నాడు. 'మామా' అన్న మాట వాడికి ఎవరు నేర్పారో వర్షిణికి తెలియదు. లోహిత్ తన నెత్తి మీది షాపు టోపీ తీసి పక్కన సిద్ధంగా పెట్టుకుని, మిగతా జుట్టు తీసేశాడు.

అంతా అయ్యాక ఉర్పి రెండు చెక్క కప్పులు తెచ్చింది. ఆ ఊళ్ళో కప్పులు ఎప్పుడూ జతగానే చేస్తారు, ఒక్కడే తాగడం అక్కడ మర్యాద కాదు. రెండిట్లోనూ మక్కజొన్న కల్లు పోసింది. ఒకటి లోహిత్ చేతికిచ్చి, రెండోది అవ్వ పక్కన ఖాళీగా ఉన్న రాతి మీద పెట్టింది. పొద్దున్నుంచీ ఆ రాయి అలా ఎందుకు ఖాళీగా ఉంచారో వర్షిణికి అప్పుడు అర్థమైంది.

"మీ బాపుది," అంది ఉర్పి. "ఆయినకు చెప్పాల్సింది ఏమన్న ఉంటె చెప్పి తాగు."

కొమరయ్యకు కల్లంటే ఇష్టం. డ్యూటీ లేని నాడు ఒక్క సీసా, అంతకు మించి తాగేవాడు కాదు. లోహిత్ ఆ రాతి ఎదుట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వర్షిణి అతని వెనక నిలబడింది. ఆమెకు ఒళ్ళంతా చెవులయ్యాయి.

"బాపూ," అన్నాడు లోహిత్. "పేపర్ మంచిగ రాసిన."

అని కప్పెత్తి తాగాడు. పొద్దు వాలుతోంది. టోపీ కళ్ళ మీదికి జారిన చింటు, కొత్త పేరు వచ్చిన వమన్, లామా పిల్ల వెంట మెట్లెక్కి పరుగెడుతున్నారు. దిగువన టొరంటో నుంచి వచ్చే రైలు కూత పెట్టింది. ఉర్పి కదురు చంకలో పెట్టుకుని వచ్చి, కప్పులు రెండూ తీసుకుంది. రెండూ ఖాళీయే. కడగడానికి లోపలికి తీసుకెళ్ళింది.